వెదురు సూదులు, వాము మూట

అనగా అనగా, ఎండాకాలంలో కూడా మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చేంత చలి గల ఒక కొండ రాజ్యం. దాని పేరు శీతగిరి. అక్కడ వరి పండదు, పత్తి పండదు. రాగులు పండుతాయి, గొర్రెలు మేస్తాయి. బిడ్డ పుడితే ముందు తలకు ఉన్ని టోపీ తొడిగి, ఆ తర్వాతే పాలు పట్టేవారంటే అక్కడి చలి ఎంతటిదో మీరే ఊహించుకోండి.

అటువంటి చోట అల్లిక వచ్చిన చేతికి ఉండే గౌరవం ఇంతా అంతా కాదు. అందరిలోకీ మేటిగా అల్లేవారిని ఏరి, మహారాణి కుముదవల్లి "రాజల్లిక" అని బిరుదు ఇచ్చేది. బిరుదుతోపాటు కోట పక్క వీధిలో ఒక ఇల్లు, ఏటేటా రాణిగారి మందల నుంచి మేలిరకం ఉన్ని దక్కేవి. అయితే ఒక నియమం ఉంది. చేతులు ఆడినంతకాలమే ఆ బిరుదు. చేతులు ఆగిన రోజున బిరుదూ పోతుంది, ఇల్లూ పోతుంది.

ఆ కాలంలో రాజల్లికగా ఉన్నది పేరిందేవి అనే ఆవిడ. భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. ఆమె శాలువా మీద హంసను అల్లితే, నీళ్లు చూపిస్తే దిగి ఈదుతుందేమో అనిపించేది. పనిలో ఆమెకు వంక పెట్టేవారు లేరు. ఉన్న వంకల్లా ఒక్కటే. ఆమెకు ఎవరి మీదా నమ్మకం లేదు.

పాలమ్మాయి నవ్వుతూ పలకరిస్తే, "ఇవాళ పాలలో నీళ్లు కలిపినట్టుంది, అందుకే ఈ నవ్వు" అనుకునేది. నవ్వకుండా వెళ్లిపోతే, "నా గురించి ఎక్కడో ఏదో వినే ఉంటుంది" అనుకునేది. తలుపు గడియ పెట్టి వచ్చి కూర్చుని, మళ్లీ లేచి వెళ్లి గడియ లాగి చూసేది.

ఆమె ఇంటి చూరు కింద ఒక గోరింక కాపురం ఉండేది. మాటలు నేర్చిన గోరింక. ఊరంతా తిరిగి వచ్చి, కిటికీ మీద వాలి కబుర్లు చెప్పేది. మొదట్లో అన్ని రకాల కబుర్లూ చెప్పేది.

"పక్కింటి వీరాబాయి మీ ముగ్గు బాగుందన్నది" అంటే, పేరిందేవి "ఊఁ" అని ఊరుకునేది.

"వీరాబాయి మీ శాలువాల్లో పస తగ్గిందన్నది" అంటే మాత్రం, "అలా అన్నదా! నాకు తెలుసు, అంటుందని నాకు తెలుసు!" అని లేచి, గుప్పెడు కొర్రలు తెచ్చి కిటికీ మీద పోసేది.

గోరింక తెలివైనది. ఏ మాటకు గింజలు రాలుతాయో దానికి త్వరలోనే తెలిసిపోయింది.

ఇలా ఉండగా పేరిందేవికి ఒక కష్టం వచ్చిపడింది. ఆమె వేళ్ల కణుపులు వాచడం మొదలుపెట్టాయి. పొద్దున్నే లేచి పిడికిలి బిగిద్దామంటే వేళ్లు ముడుచుకోవు. ఇనుప సూదులు పట్టుకుంటే చలికి అవి మంచుకడ్డీల్లా తగిలి, నొప్పి మోచేతి దాకా పాకేది. వరస అల్లి ఆగడం, ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ వరస. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? బిరుదు పోతుంది, నెత్తి మీద కప్పు పోతుంది. బయటికి వెళ్లేటప్పుడు చేతులు కొంగులో దాచుకుని వెళ్లేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమె మరిది బీరన్నకు పెళ్లయింది. బీరన్న రాణిగారి మందలు కాసేవాడు. మేత దొరికే కాలం కావడంతో పెళ్లయిన కొద్ది రోజులకే మందను తోలుకుని పై కొండలకు వెళ్లాలి. కొత్త పెళ్లికూతురిని వదినగారి దగ్గర వదిలాడు.

"వదినా, వకుళకు నీ దగ్గర అల్లిక నేర్చుకోవాలని మహా ఇష్టం. పెళ్లిచూపుల్లోనే అడిగింది, మీ వదిన నేర్పుతుందా అని" అన్నాడు.

మంచి మనసుతో అన్న మాటే. కాని పేరిందేవి గుండెలో అది ముల్లులా దిగింది. "ఓహో! ఈ పిల్ల మా మరిదిని చూసి రాలేదు. నా సూదులను చూసి వచ్చింది" అనుకుంది. పైకి మాత్రం, "దానికేం, ఉండనీ" అంది.

వకుళ చురుకైన పిల్ల. ఎక్కువ మాట్లాడదు, ఎప్పుడూ చూస్తూ ఉంటుంది. సంకటి తినేటప్పుడు చూస్తుంది, నీళ్లు తోడేటప్పుడు చూస్తుంది, అల్లేటప్పుడైతే పేరిందేవి వేళ్ల మీంచి చూపు తిప్పదు. ఆ చూపు పేరిందేవికి ఒంటికి చీమలు పాకినట్టుండేది. ఎంతైనా దొంగ కూడా ముందు చూసుకునే కదా దోచుకుపోతాడు!

ఒకనాడు మహారాణి నుంచి కబురు వచ్చింది. విజయదశమి నాడు యువరాజుకు పట్టాభిషేకం. ఆ రోజు ఆయన భుజాల మీద కప్పడానికి నిండు శాలువా కావాలి. అంచు చుట్టూ శీతగిరి కొండలు, నడుమ సూర్యుడు.

పేరిందేవి తలవంచి ఒప్పుకుని వచ్చింది. ఇంటికి వచ్చి తలుపు మూసుకుని తన చేతుల వంక చూసుకుంది. ఒకప్పుడైతే అది ఆమెకు ఆడుతూ పాడుతూ చేసే పని. ఇప్పుడు సగం కూడా అవుతుందో కాదో.

అయినా మొదలుపెట్టింది. శాలువా అంచున మొదటి కొండ అల్లుతుండగా ఒక ఉదయం గోరింక వచ్చి కిటికీ మీద వాలింది.

"అమ్మగారూ, మీ తోడికోడలు మేదర వీధికి వెళ్లింది" అంది.

"మేదర వీధిలో దానికేం పని?" అంది పేరిందేవి, సూదులు ఆపి.

"వెదురు పని చేసే ముసలాయనతో మాట్లాడింది. 'మా అక్క చేతిలో ఇక ఆ ఇనుప సూదులు ఉండకూడదు' అన్నది. ఇంకా ఏమన్నదంటే..."

"చాలు చాలు! ఇంకా ఏమనాలి?" అంటూ పేరిందేవి లేచి వెళ్లి కొర్రలు తెచ్చి పోసింది. నోటి నిండా గింజలు ఉంటే గోరింక మాత్రం ఏం మాట్లాడుతుంది?

ఆ సాయంత్రం వకుళ రెండు వెదురు సూదులు తెచ్చి ఆమె ముందు పెట్టింది. సన్నగా చెక్కి, నూనె పెట్టి నున్నగా తోమిన సూదులు. పట్టుకునే చోట కాస్త లావుగా ఉన్నాయి.

"అక్కా, ఇవి నీకు. తేలికగా ఉంటాయి. చూడు" అంది.

"ఎంత బాగున్నాయో" అంది పేరిందేవి. లోపల మాత్రం లెక్కలు వేసుకుంటోంది. "సూది మారితే కుట్టు బిగువు మారుతుంది. సగం శాలువా ఒక రకం, సగం ఇంకో రకం అవుతుంది. మహారాణి ముందు నా పరువు పోతుంది. అదే కదా ఈ పిల్లకు కావాల్సింది!"

వకుళ నీళ్లకు వెళ్లిన వేళ చూసి, ఆ సూదులను పొయ్యిలో పెట్టేసింది. ఎండిన వెదురు, చిటపటమని అంటుకుంది.

కొన్నాళ్లు గడిచాయి. సూర్యుడి చుట్టూ కిరణాలు అల్లాలి. ఉన్ని ఉండ ఒళ్లోంచి జారి, గది మూలలకు దొర్లిపోయేది. దాన్ని తెచ్చుకోవడానికి పేరిందేవి నేల మీద చెయ్యి ఆనించి లేవాలి. లేచిన ప్రతిసారీ మణికట్టు చురుక్కుమనేది. వకుళ గుమ్మం దగ్గర కూర్చుని ఉన్ని దువ్వుతూ అంతా చూసేది. ఏమీ అనేది కాదు.

మళ్లీ గోరింక వచ్చింది.

"అమ్మగారూ, ఈసారి మీ తోడికోడలు సంతకు వెళ్లింది. సొరబుర్రలు అమ్మే ఆవిడ దగ్గర ఒక బుర్ర కొన్నది. దాన్ని చేత పట్టుకుని, 'దీన్ని తీసుకెళ్లి ఒళ్లో పెడితే అక్క ఇక లేవదు' అన్నది. ఆ తర్వాత..."

"లేవదా!" పేరిందేవి సూదులు పక్కన పడేసింది. "నన్ను మంచాన పడేయడానికి చూస్తోందన్నమాట!" ఆమె చేతికి వచ్చినన్ని కొర్రలు దోసిట్లో తెచ్చి పోసింది. గోరింక తక్కిన మాట మింగేసి గింజలు ఏరుకుంది.

వకుళ తెచ్చిన బుర్ర చూడ్డానికి ముద్దుగానే ఉంది. ఎండబెట్టి, లోపలంతా గీకి, పక్కన దారం వచ్చేందుకు చిన్న గాడి కోసింది. లోపల ఉన్ని ఉండ పెడితే ఎటూ దొర్లకుండా దారం దానంతట అదే వస్తుంది.

"ఒళ్లో పెట్టుకుని అల్లుకో అక్కా" అంటూ వకుళ ముందుకు వంగింది.

"అక్కడ పెట్టు. అక్కడే!" అంది పేరిందేవి, గోడకు జరుగుతూ.

వకుళ ముఖం చిన్నబోయింది. బుర్రను నేల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. పేరిందేవి దాన్ని కాలితో నెట్టుకుంటూ పెరట్లోకి తీసుకెళ్లి, కోళ్లకు నీళ్లు పోసే చోట పడేసింది. కోళ్లు తాగితే ఏమవుతుందోనని ఆ రోజంతా చూస్తూ కూర్చుంది. కోళ్లకేమీ కాలేదు. "మనుషులకే పనిచేసేదై ఉంటుంది" అనుకుంది.

అటుపైన ఆమెకు తిండి సహించడం మానేసింది. వకుళ వండిన సంకటి ముందు పిల్లికి పెట్టి, పిల్లి హాయిగా మూతి తుడుచుకున్నాకే తాను తినేది. అల్లిక కుట్లు తప్పేవి. విప్పి మళ్లీ అల్లేది. విజయదశమి దగ్గరపడుతోంది. శాలువా ఇంకా సూర్యుడి దగ్గరే ఉంది.

ఒకనాడు వకుళ మంచి చీర కట్టుకుని, చెప్పకుండా ఎక్కడికో వెళ్లింది. పేరిందేవి కిటికీ దగ్గరే నిలబడింది. మధ్యాహ్నానికి గోరింక ఎగిరివచ్చి వాలింది.

"అమ్మగారూ! మీ తోడికోడలు కోటకు వెళ్లింది. మహారాణిగారి కాళ్లకు మొక్కింది. 'ఆ శాలువా మా అక్క ఒక్కతే పూర్తి చేయలేదు' అన్నది. పైగా..."

పేరిందేవికి చెవులు గింగురుమన్నాయి. గింజలు తేవడం కూడా మరిచిపోయి ఉన్ని బుట్ట పక్కన కూలబడింది. ఊతం కోసం బుట్టలో చెయ్యి పెడితే ఏదో మెత్తగా తగిలింది. చూసింది. ఎర్ర ఉన్నితో బిగువుగా అల్లిన చిన్న మూట. మూతికి నల్లదారం. లోపల గరగరలాడే ఏదో పొడి.

"చేతబడి!" అని అరిచి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, పొయ్యి దగ్గరి పట్టకారు తెచ్చి, ఆ మూటను ఎత్తి ఒక కుండలో వేసి మూత పెట్టింది. మర్నాడు పొద్దెక్కగానే ఆ కుండ చంకన పెట్టుకుని నేరుగా కోటకు వెళ్లింది.

కొలువు తీరి ఉంది. మహారాణి కుముదవల్లి సింహాసనం మీద ఉంది. పక్కన వృద్ధ రాజవైద్యుడు. పేరిందేవి కుండ నేల మీద పెట్టి గొంతెత్తి చెప్పింది.

"మహారాణీ! నా తోడికోడలు వకుళ నా బిరుదు మీద కన్ను వేసింది. నా సూదులు మార్చాలని చూసింది. నన్ను మంచాన పడేయాలని చూసింది. చివరికి నా ఉన్ని బుట్టలో చేతబడి మూట పెట్టింది. న్యాయం చేయండి!"

కొలువంతా గుసగుసలు చెలరేగాయి. ఆ రాజ్యంలో చేతబడి మహా నేరం. చేసినట్టు తేలితే మనిషిని కొండ కనుమ దాటించి, ఇక తిరిగి రానివ్వరు. అబద్ధపు నింద అని తేలితే, నింద వేసినవారికీ అదే శిక్ష.

వకుళను పిలిపించారు. ఆమె వచ్చి కుండ వంక చూసింది, అక్క వంక చూసింది.

"ఈ మూట నీదేనా?" అని మహారాణి అడిగింది.

"నేను అల్లిందే మహారాణీ."

"ఇందులో ఏముంది?"

వకుళ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.

"ఎందుకు పెట్టావు?"

ఆమె తల వంచుకుంది. మహారాణి మళ్లీ అడిగింది. మళ్లీ మౌనమే. కళ్లలోంచి నీళ్లు మాత్రం టపటపా రాలుతున్నాయి.

"చూశారా! తప్పు చేసింది కాబట్టే నోరు పెగలడం లేదు" అంది పేరిందేవి.

మహారాణి కనుసైగతో ఒక భటుడు మూటను బయటికి తీసి నల్లదారం తెంచాడు. మరుక్షణం కొలువంతా ఘుమఘుమలాడే వాము వాసన కమ్ముకుంది. రాజవైద్యుడు దగ్గరికి వచ్చి చేతిలో పోసుకుని చూశాడు. వాము, గళ్లుప్పు, ఎండిన వావిలాకు.

ఆయన నవ్వేశాడు. "మహారాణీ, ఇది చేతబడి కాదు. కాపడం మూట. పెనం మీద వేడిచేసి, వాచిన కీళ్ల మీద పెడితే నొప్పి లాగేస్తుంది. ఇంత చిన్నగా అల్లారంటే, ఇది మోకాళ్లకు కాదు. వేళ్లకు."

"ఎవరి వేళ్లకు?" అంది మహారాణి.

వకుళ ఇంకా తల ఎత్తలేదు.

అప్పుడు తెలిసింది పేరిందేవికి, ఆ పిల్ల ఎందుకు మాట్లాడటం లేదో. మాట్లాడితే రాజల్లిక చేతులు పాడయ్యాయని అందరికీ తెలిసిపోతుంది. బిరుదు పోతుంది, ఇల్లు పోతుంది. కనుమ దాటి వెళ్లిపోవడానికైనా సిద్ధపడింది గాని, ఆ ఒక్క మాట బయట పెట్టడం లేదు. 

పేరిందేవి చేతులను కొంగులో ఇంకా లోపలికి దాచుకుంది. తానూ నోరు మూసుకుంటే సరిపోతుంది. మూట వట్టి మందు మూట అని తేలింది కదా, ఏదో పొరపాటు పడ్డానని చెప్పి బయటపడవచ్చు. ఆ ఆలోచన వచ్చింది. వచ్చినందుకే ఆమెకు తన మీద తనకు రోత పుట్టింది. మెల్లగా కొంగు తీసి, వాచిన చేతులు రెండూ ముందుకు చాపింది.

"ఈ వేళ్లకు మహారాణీ. చాలాకాలంగా నొప్పి. ఇల్లు పోతుందని దాచాను" అంది. ఆ తర్వాత ఇంకా ఏదో గుచ్చుకుంటున్నట్టు, "కాని నా గోరింక విన్న మాటలు? అవి అబద్ధాలు కావే!" అంది.

గోరింక అప్పటికే కొలువు కిటికీ మీద వాలి ఉంది. మహారాణి దాన్ని పిలిచి అడిగింది. అది రెక్కలు సర్దుకుని చెప్పసాగింది.

"మేదర వీధిలో ఆవిడ, 'మా అక్క చేతిలో ఇక ఆ ఇనుప సూదులు ఉండకూడదు, అవి చలికి కొరికేస్తున్నాయి, వెదురైతే వెచ్చగా ఉంటుంది' అన్నది. సంతలో, 'దీన్ని ఒళ్లో పెడితే అక్క ఇక లేవదు, ఉండ దొర్లిన ప్రతిసారీ లేవలేక అవస్థపడుతోంది' అన్నది. కోటలో ఏమన్నదో తమరికే తెలుసు."

"అవును" అంది మహారాణి. "పని పెద్దది, అక్క ఒక్కతే పూర్తి చేయలేదు, నన్ను సాయం చేయనివ్వండి, పేరు మాత్రం అక్కదే ఉండాలి అని అడిగింది. నీ చేతుల సంగతి నాతో కూడా చెప్పలేదు."

పేరిందేవి గోరింక వైపు తిరిగింది. "మరి నాతో సగమే ఎందుకు చెప్పావు?"

"నేను చెప్పబోయాను అమ్మగారూ. మొదటి సగానికే మీరు గింజలు పోశారు. రెండో సగానికి ఎన్నడూ పోయలేదు" అంది గోరింక.



"ఇన్నాళ్లూ ఒకే కప్పు కింద ఉన్నారు. ఒక్కసారైనా ఈ అమ్మాయిని అడిగావా, ఇవి నాకెందుకు ఇస్తున్నావని?" అని మహారాణి అడిగింది.

"లేదు మహారాణీ."

"పక్షిని అడిగావు. నన్ను అడిగావు. అడగాల్సిన మనిషిని తప్ప అందరినీ అడిగావు." మహారాణి వకుళ వంక చూసింది. "చట్టం ప్రకారం ఈమె కనుమ దాటాలి. నువ్వేమంటావు?"

వకుళ కళ్లు తుడుచుకుంది. "శిక్ష వద్దు మహారాణీ. కాని నేను ఇక ఆ ఇంటికి వెళ్లను. నా భర్త ఉన్న కొండకు వెళ్లిపోతాను" అని, అక్క వైపు చూడకుండానే వెళ్లిపోయింది.

మహారాణి వకుళ మాట మన్నించి శిక్ష తప్పించి, "బిరుదు సంగతి, శాలువా సంగతి విజయదశమి నాడు చూద్దాం" అని కొలువు చాలించింది.

పేరిందేవి ఇంటికి వచ్చింది. ఇల్లు బావురుమంటోంది. పెరట్లోకి వెళ్లి, కోళ్లను తోలి, సొరబుర్రను తీసి కడిగింది. పట్టకారుతో పట్టి తెచ్చిన మూట జ్ఞాపకం వచ్చి సిగ్గుతో కుంగిపోయింది. మర్నాడు పూర్తికాని శాలువాను మూటగట్టి వీపుకు వేసుకుని, కొండెక్కడం మొదలుపెట్టింది. దారి నిటారుగా ఉంది. రాయి పట్టుకుని ఎక్కాల్సినచోట వేళ్లు మొరాయించాయి. ఆగుతూ, ఆయాసపడుతూ ఎక్కింది.

పైన గొర్రెల దొడ్డి దగ్గర వకుళ ఉన్ని దువ్వుతూ కూర్చుని ఉంది. వదినను చూసి బీరన్న లేచి ఎదురు రాబోయాడు. వకుళ లేవలేదు.

పేరిందేవి వెళ్లి ఆమె పక్కన రాతి మీద కూర్చుంది.

"వకుళా, ఒక్క మాట అడుగుతాను. నా చేతులు నొప్పి అని నీకెలా తెలిసింది? నేను ఎవరికీ చెప్పలేదే" అంది.

వకుళ దువ్వెన ఆపింది. "నేను వచ్చిన తొలిరోజు ఊరగాయ జాడీ మూత తీయమన్నావు. వంటింట్లో అన్ని పనులూ నువ్వే చేస్తావు, ఆ మూత మాత్రం రోజూ నన్నే తీయమంటావు. సంకటి తినేటప్పుడు రెండు వేళ్లతోనే విరుస్తావు. చూశాను."

"అందుకా ఎప్పుడూ నా చేతుల వంకే చూసేదానివి! నేను అల్లిక దొంగిలిస్తున్నావనుకున్నాను."

"పొయ్యిలో బూడిద ఎత్తుతుంటే సగం కాలిన వెదురు కనబడింది అక్కా" అంది వకుళ. "ఆ ముసలాయన చేత మూడుసార్లు చెక్కించాను, నీ పట్టుకు సరిపోవాలని."

పేరిందేవి ముఖం కొంగులో దాచుకుంది. "మరి అప్పుడే నన్నెందుకు నిలదీయలేదు?"

"నువ్వు దాచుకుంటున్నదాన్ని నేనెలా ఎత్తను? చేతికి ఇస్తే నీకు నామోషీ అనిపిస్తోందేమో అనుకున్నాను. అందుకే మూట చెప్పకుండా బుట్టలో పెట్టాను. నేనూ తప్పే చేశాను. నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది."

"తప్పు నీది కాదు తల్లీ. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం చెల్లడం లేదు."

వకుళ ఆమె వీపు మీది మూట వైపు చెయ్యి చాపింది. విప్పి, శాలువా పరిచి, పూర్తికాని సూర్యుణ్ణి చూసింది.

"ఈ కిరణం దగ్గర కుట్లు ఎలా తగ్గించాలి?" అంది.

పేరిందేవి కళ్లు తుడుచుకుని దగ్గరికి జరిగింది. "ముందు రెండు కలిపి ఒకటి చెయ్యి. అలా కాదు, వదులుగా. ఊఁ, అదీ..."

వకుళ అక్క వెంట ఇంటికి తిరిగివచ్చింది. ఆనాటి నుంచి పేరిందేవి చెబుతుంటే వకుళ అల్లింది. నొప్పి తక్కువగా ఉన్న పూట పేరిందేవీ సూదులు పట్టింది. మేదర ముసలాయన మళ్లీ చెక్కి ఇచ్చిన వెదురు సూదులు, పక్కన పొయ్యి మీద వెచ్చబడుతున్న వాము మూట. గోరింక ఇప్పుడు ఒక్కో కబురు పూర్తిగా చెప్పాల్సి వచ్చి, గింజల కోసం గంటలకొద్దీ వాగి అలసిపోయేది.

విజయదశమి నాడు యువరాజు భుజాల మీద శాలువా మెరిసింది. మహారాణి మెచ్చుకుంటుంటే పేరిందేవి ముందుకు వచ్చి, "ఇందులో సూర్యుణ్ణి అల్లింది వకుళ మహారాణీ. నా చేతులకు ఇక ఇంత పని రాదు. బిరుదు ఆమెకు ఇవ్వండి. ఇల్లు ఖాళీ చేస్తాను" అంది.

"బిరుదు ఆమెకు ఇస్తున్నాను" అంది మహారాణి. "కాని ఇల్లు ఎందుకు ఖాళీ చేస్తావు? కోటలో అల్లిక నేర్చుకోవాలని ఎదురుచూస్తున్న ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లకు గురువు కావాలి. చేతులు వాచాయి గాని, నీకు తెలిసిన విద్య ఎక్కడికీ పోలేదు కదా."

కొలువు చప్పట్లతో మారుమోగింది. బీరన్న మాత్రం చప్పట్లు కొట్టడం మరిచిపోయి, భార్యనూ వదిననూ మార్చి మార్చి చూస్తూ నిలబడిపోయాడు.

మరి పేరిందేవి అనుమానాలు మాయమైపోయాయా? అంత తేలికగా పోతాయా! ఒకరోజు వకుళ కొంగు కింద ఏదో దాచుకుని వంటింట్లోకి గబగబా వెళ్లడం చూసింది. కిటికీ వైపు ఒకసారి చూసింది. కాని లేచి వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"వకుళా, ఏమిటది? నా దగ్గర ఎందుకు దాస్తున్నావు?"

వకుళ ముఖం ఎర్రబడింది. కొంగు కిందినుంచి ఒక టోపీ తీసింది. ఒక పక్క పొట్టి, ఒక పక్క పొడుగు. "నీకోసమే అక్కా. నీకు కనబడకుండా చీకట్లో అల్లితే కుట్లు తప్పాయి. నువ్వు చూసేలోపు విప్పేద్దామని..."

పేరిందేవి ఆ టోపీ లాక్కుని తలకు పెట్టుకుంది. అది ఒక చెవిని కప్పి, రెండో చెవిని వదిలేసింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

కాబట్టి పిల్లలూ, ఎవరి మీదైనా అనుమానం కలిగితే దాన్ని మనసులో దాచి పెంచకూడదు, సగం విన్న మాటతో తీర్పు చెప్పకూడదు. వెళ్లి ఆ మనిషినే నేరుగా అడిగి, చెప్పేది చివరిదాకా వినాలి.